శేషాచల మార్గమున తోటి ప్రాణులు



శ్రీనివాసుని సన్నిధికి కాలినడకన పోవు మార్గములలో రెండు మిక్కిలి ప్రసిద్ధములు. అలిపిరి మార్గమున 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు మార్గమున 2,388 మెట్లు కలవు. ఈ లెక్క మనలో అనేకులకు కంఠస్థమే. కాని ఆ మెట్లకు ఇరుప్రక్కల ఉన్నదేమి అను ప్రశ్నను మనము అరుదుగా వేసికొందుము. ఉన్నది శేషాచల అరణ్యము. అందు కొంత భాగమును 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ వనముగా ప్రకటించిరి. 2010లో ఈ కొండల ప్రాంతము బయోస్ఫియర్ రిజర్వు అయినది. ఎర్రచందనము పెరుగు ఈ అడవిలో చిరుతపులి, ఎలుగుబంటి, కణుజు, చుక్కల దుప్పి, రేచుకుక్క, దేవాంగపిల్లి నివసించుచున్నవి. రాతి సందులలో బంగారు బల్లి దాగియుండును.

ఈ ప్రాణులు స్వామికి పరాయివి కావు. ఏడుకొండల పేర్లను స్మరింపుడు. వృషాద్రి యనగా వృషభము తలపునకు వచ్చును. గరుడాద్రిలో పక్షిరాజు, శేషాద్రిలో సర్పరాజు ఉన్నారు. అంజనాద్రి వానరవీరుడైన హనుమంతుని తల్లి పేరు. ఇక ఈ కొండ ఆదివరాహ క్షేత్రము. వరాహస్వామిని ముందుగా సేవించి, పిదప శ్రీనివాసుని దర్శించుట మన సంప్రదాయము. మృగరూపమున వెలసిన దేవునికి తొలి నమస్కారము చేయు మనము, మృగములుండు అడవిలో ఎట్లు నడువవలెనో తెలిసికొనవలదా?

నేనును నా మిత్రుడొకడును అనేక సంవత్సరములుగా ఉదయము అలిపిరి దారిన కొండ ఎక్కుచున్నాము. గాలిగోపురము దాటిన పిమ్మట దారి కొంత సమముగా నుండును. అచ్చట మేము మెల్లగా పరుగిడుదుము. దుప్పుల మందలు, కొండముచ్చులు, నెమళ్ళు మాకు నిత్య పరిచితములు. ఒక కార్తిక మాసమున, మంచు ఇంకను విడువని వేళ, ముందు పోవుచున్న మిత్రుడు చటుక్కున ఆగి చేయి అడ్డము పెట్టినాడు. నలువది అడుగుల దూరమున, దారి ప్రక్క గోడపై ఒక చిరుతపులి కూర్చుండియున్నది. మావైపే చూచుచున్నది.

“కదలొద్దు సామీ. వెనక్కు తిరిగి పరుగెత్తితే దాని కంటికి మనమూ దుప్పులమే” అని అతడు మెల్లగా పలికినాడు.

ఇద్దరమును భుజము భుజము ఆనించి నిటారుగా నిలిచితిమి. చూపు మరల్చక, ఒక్కొక్క అడుగు వెనుకకు వేయుచు, బిగ్గరగా గోవింద నామము పలికితిమి. రెండు నిమిషములు గడచి యుండును. అది గోడ దిగి, ఏ తొందరయు లేక పొదలలోనికి పోయినది. వెనుక వచ్చుచున్న యాత్రికులను ఆపి, కావలివారికి తెలిపి, పదిమందిమి గుంపుగా కదలితిమి.

ఆనాడు నాకు తెలిసినదేమనగా, భయము కలుగుట దోషము కాదు. భయము కాళ్ళను నడిపించుటయే ప్రమాదము. పరుగెత్తు ప్రాణిని తరుముట వేటమృగమునకు సహజగుణము. మన మనస్సును తరుము కామక్రోధములును అట్టివే. అవధూత తాను ఇరువదినలుగురు గురువుల వద్ద నేర్చితినని యదువుతో పలికినట్లు భాగవతము చెప్పుచున్నది. వారిలో లేడి, ఏనుగు, కొండచిలువ, తేనెటీగ ఉన్నవి. చిరుతపులి ఆ పట్టికలో లేదు గాని, ఆ ఉదయము మాకు గురువైనది.

ఇంతటితో ముగించినచో ఇది సుఖమైన కథయే అగును. కాని 2023 ఆగస్టులో ఇదే అలిపిరి మార్గమున ఆరేండ్ల బాలిక చిరుతపులి వాతబడి మరణించినది. స్వామి దారిలోనే ఇట్లు జరుగవచ్చునా అని ఆ దినములలో అనేకులు నన్ను అడిగిరి. ఆ తల్లిదండ్రుల దుఃఖమును తీర్చగల మాట నా వద్ద లేదు. కర్మఫలమని చెప్పి తప్పించుకొనుట దయలేని పని. నేను చెప్పగలిగినది ఒక్కటే. మృగమునకు పాపపుణ్యముల ఎరుక లేదు, అది ఆకలి చెప్పినట్లు చేయును. ఎరుక మనకు ఈయబడినది. కనుక జాగ్రత్తయు మన ధర్మమే. ఆ దుర్ఘటన పిమ్మట చిరుతలను బోనులలో పట్టిరి, పిల్లలతో నడచు వేళలకు కట్టుబాటు విధించిరి, యాత్రికుల చేతికి కర్రలు ఇచ్చిరి. ఇవి భక్తికి ఆటంకములని కొందరు విసుగుకొనిరి. బిడ్డను కాపాడు నియమము భక్తికి ఆటంకమెట్లగును?

మరియొక విషయము. దారిలో దుప్పులకు, కోతులకు బిస్కట్లు, పండ్లు పెట్టుట పుణ్యమని మనవారు తలంతురు. భాగవతమున భరతుని కథ జ్ఞప్తికి తెచ్చుకొనుడు. తల్లిని కోల్పోయిన లేడిపిల్లను ఆయన నీటినుండి కాపాడుట కరుణ. పిదప అది నాదియని దానిపై ప్రాణము పెట్టుకొనుట బంధము. ఆ బంధమే ఆయనకు లేడిజన్మ తెచ్చినది. మనము పెట్టు తిండియు అట్టిదే. అది అడవిప్రాణికి అడవిని మరపించి దారి ప్రక్కకు రప్పించును. పారవేసిన అన్నమునకు కుక్కలు, పందులు చేరును. వాటి వెనుక చిరుత వచ్చును. మన చేతి ముద్దయే తుదకు తోటి యాత్రికుని ప్రాణము మీదికి వచ్చును.

కావున భక్తులారా, గుంపుగా నడువుడు. పిల్లలను ముందుకు పరుగెత్తనీయక, చేయి పట్టుకొని నడుమ నడిపించుడు. తినుబండారములను దారిలో విడువకుడు. నిర్ణయించిన వేళలను పాటింపుడు. గోవింద నామమును గొంతెత్తి పలుకుడు. ఆ నామము మన పాపమును హరించును, ఆ ధ్వని మన రాకను మృగములకు ముందుగా తెలుపును. పెద్దలు పెట్టిన ఆచారమున ఇహపరములు రెండును కలసియున్నవి.

మెట్లు మనకొరకు కట్టినవి. అడవి వారి ఇల్లు. కొండ స్వామిది. అతిథివలె వినయముగా ఎక్కి, అతిథివలె వినయముగా దిగుదము.

శ్రీ శ్రీనివాసార్పణమస్తు.