పాటకు పహరా

సిత్రాలో చమురు ట్యాంకుల నడుమ బతికే మాకు పాటే సగం ఊరు. ఘంటసాల గొంతు వింటే పగటి ఎండ మరచిపోతాం. మనిషిని ఇంత సులువుగా మెత్తబరచే సాధనాన్ని నియంతలు వదులుతారా?

1930లో కాల్పులకు బలైన నాజీ యువకుడు హోర్స్ట్ వెస్సెల్ రాసిన గీతాన్ని హిట్లర్ ప్రభుత్వం 1933 నుంచి జాతీయగీతంతో జోడించి పాడించింది. మొదటి చరణానికి కుడిచేయి పైకెత్తాలి. ఎత్తనివాడెవడో పక్కవాడికి ఇట్టే తెలిసిపోతుంది. అసలు కిటుకు అదే, అర్థం ఎవరిక్కావాలి?

మన దేశంలో 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి వచ్చాక ఆకాశవాణి సర్కారు బాకా అయింది. ప్రచారానికి సహకరించలేదని 1976 మేలో కిశోర్ కుమార్ పాటలను రేడియోలో నిలిపివేశారు. షా కమిషన్ విచారణలో ఈ సంగతి బయటపడింది. ఆయన సర్కారును తిట్టి పాడిందేమీ లేదు. పాడమన్నప్పుడు పాడలేదు, అంతే! తిట్టేవాడికంటే పొగడనివాడే ఏలికలకు కంటగింపని మాకు తోస్తుంది.

ఇక ఏలికలు పాడించని పాట సంగతి. నిజాం మీద బండి యాదగిరి కట్టిన పాటకు ఏ రేడియో దన్నూ లేదు. తెలంగాణ పల్లెల్లో అది నోటినుంచి నోటికి నడిచింది. నిజాం పాలన పోయిన మూడు దశాబ్దాలకు ‘మా భూమి’ చిత్రంలో గద్దర్ గొంతున మళ్ళీ వినబడింది.