వానపాముల తొట్టిలో నల్లి



ఇంటి పెరట్లో వానపాముల ఎరువు చేసుకొనేవారిని తరచు కలవరపెట్టే విషయమొకటి ఈనాడు ముచ్చటించుకుందాం. ఒకనాటి ఉదయం గోనెపట్టా తొలగించి చూస్తే, తొట్టి పైభాగమంతా తవుడు చల్లినట్లు సన్నని పురుగు కదలాడుతూ కనిపిస్తుంది. వెంటనే చేయి చీమలమందు డబ్బా మీదికి పోతుంది. అక్కడే ఆగండి! ఆ మందు పురుగుతోపాటు పాములనూ చంపుతుంది. డబ్బుపెట్టి కొన్న పాములూ పోతాయి, నారుమడికి అనుకున్న ఎరువూ పోతుంది.

ఆ పురుగు నల్లి. మంచాల్లో నల్లి కాదు సుమండీ. మిరపకు, బెండకు పట్టే నల్లికి చుట్టం. దీనికి ఎనిమిది కాళ్లు, గెంతలేదు. గెంతే తెల్లపురుగులకు ఆరు కాళ్లే, వాటివల్ల భయంలేదు. నల్లిలో తెల్లవి, గోధుమరంగువి కుళ్లిన మేతనే తింటాయి. కాని మితిమీరితే పాములు మేతకు పైకి రాక అడుగునే ఉండిపోతాయి. ఎర్రనల్లి మాత్రం పాములనే పీలుస్తుంది, వాటి గుడ్లనూ వదలదు.

ఇంతకూ నల్లి ఎందుకు వచ్చింది? తడి ఎక్కువై, మేత ఎక్కువై, తొట్టి పులిసినందువల్ల. కొల్లేటికోట వంటి లంక గ్రామాల్లో ఇందుకు అవకాశం మెండు. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండినప్పుడు నేలంతా చెమ్మే. చేతికందే మేత గుర్రపుడెక్క. అందులో నూటికి తొంభై పాళ్లకు పైగా నీరే. ఆపైన చేపలు కోసిన వ్యర్థం కూడా తొట్టిలో వేస్తే చెప్పేదేముంది? నల్లికి పెళ్లి భోజనమే!

కాబట్టి ముందు తొట్టిని చక్కబెట్టండి. వారంపాటు కొత్త మేత, నీళ్లు ఆపండి. పిడికెడు ఎరువు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే తడి సరిపోయింది. ధారగా కారితే ఎక్కువైంది. అప్పుడు ఎండుగడ్డి ముక్కలు కలిపి, అడుగున నీరు పోయే దారి చూడండి. పులుపు విరగడానికి గుడ్డుపెంకుల పొడి పలుచగా చల్లండి. ఘాటైన సున్నం వేయకండి, పాములు కాలిపోతాయి.

తరువాత నల్లిని ఏరివేయాలి. పట్టా తీసి కాసేపు వెలుతురు తగలనిస్తే పాములు లోపలికి పోతాయి. అప్పుడు పైన అంగుళం మందాన గీకి, దూరంగా మండుటెండలో పరచండి. సాయంత్రం పుచ్చకాయ తొక్క బోర్లించి పెడితే తెల్లవారేసరికి నల్లి దానికి మూగుతుంది. ఆ తొక్కను వేడినీళ్లలో ముంచండి. నల్లి తగ్గేదాకా రోజూ ఇలాగే చేయండి.

ఇక చీమలు. తొట్టి ఎండిపోయినా, తీపి పదార్థం పడినా చీమ చేరుతుంది. పాల అలమరా కాళ్లకింద నీళ్లగిన్నెలు పెట్టినట్లే తొట్టి కాళ్లకిందా పెట్టండి. దోమ పుట్టకుండా మూడు రోజులకొకసారి ఆ నీరు మార్చండి. కోళ్లు, ఎలుకలు, కప్పలు రాకుండా పైన వల బిగించండి. వల మన ఊళ్లలో కొదవా!

మళ్లీ నల్లి రాకుండా ఉండాలంటే ఈ నాలుగూ గుర్తుంచుకోండి. గుంట వద్దు, ఎత్తైన అరుగు మీద, తాటాకు పందిరికింద తొట్టి పెట్టండి. గుర్రపుడెక్కను ముక్కలుచేసి, నాలుగు రోజులు వాడ్చి, పేడతో కలిపి, పదిహేను ఇరవై రోజులు మగ్గాకనే వేయండి. చేప వ్యర్థం వేయకండి. కిలో పాములు రోజుకు సుమారు అరకిలో మేత తింటాయి. పాతది అయ్యాకనే కొత్తది పెట్టండి.

నల్లి మన తొట్టికి జబ్బు కాదు, జబ్బు చేసిందని చెప్పే కబురు. కబురు తెచ్చినవాణ్ణి కొట్టి లాభమేమిటి? తొట్టిని ఆరబెట్టండి, నల్లి దానంతటదే తగ్గుతుంది. ఎర్రనల్లి ఎంతకూ తగ్గకపోతే, పాములను ఏరి కొత్త తొట్టిలోకి మార్చి, మీ మండల వ్యవసాయాధికారితో ఒకమాట చెప్పండి.