గట్టు అందరిది: ఈతగాని మర్యాద

(ఖిలా వరంగల్‌లో యువజనుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన ఖిలా వరంగల్‌కు వచ్చువారు ముందుగా కీర్తి తోరణములను చూతురు. పిదప ఏకశిలను, ఖుష్ మహల్‌ను చూచి పోవుదురు. ఈ కోటను ఇంతకాలము కాపాడిన మరియొక వస్తువు కలదు, అది నీరు. గణపతిదేవుడు ఆరంభింపగా రుద్రమదేవి పూర్తిగావించిన రాతికోటను చుట్టి అగడ్త ఉన్నది. కోటలోపల చెరువున్నది, మెట్లబావులున్నవి. పాఖాల, రామప్ప, లక్నవరము చెరువులు ఆ కాకతీయుల నాటివే. రాజులు పోయిరి, రాజ్యము పోయినది. వారు నిలిపిన నీరు మాత్రము నేటికిని పొలములకు పారుచున్నది.

ఆ నీటి గట్టున మనము ఒకరితోనొకరు ఎట్లు మెలగవలెనన్నదే నేటి ప్రసంగ విషయము. ముఖ్యముగా ఈత నేర్చిన యువకులతో నాలుగు మాటలు చెప్పదలచితిని.

గట్టుపై ఎవరెవరున్నారు?

ఏ ఊరి చెరువైనను ఒక దినమంతయు చూడుడు. తెల్లవారక మునుపే మత్స్యకారులు థర్మాకోల్ తెప్పలపై పోయి రాత్రి కట్టిన వలలను తీయుదురు. ప్రొద్దెక్కగానే రజకులు రేవునకు బట్టల మూటలతో వత్తురు. మధ్యాహ్నము పశువులు నీటికి దిగును. పొలమునకు నీరు కావలసిన రైతు తూమువద్దకు పోయి చూచుకొనును. సాయంకాలము పెద్దలు కట్టపై గాలికి కూర్చుందురు. వీరందరి నడుమ వేసవి సెలవులలో ఈతకై పిల్లలు, యువకులు వత్తురు.

వీరిలో ప్రతివారికిని నీటిపై హక్కున్నది. అయితే ఒక భేదమును గమనింపవలెను. రజకునికి, మత్స్యకారునికి, పశువుల కాపరికి ఆ నీరు జీవనాధారము. ఈతగానికి అది వినోదము, వ్యాయామము. వినోదమునకు వచ్చినవాడు పనికి వచ్చినవానికి దారి యిచ్చుట న్యాయము. రేవురాతివద్ద బట్టలుతుకుచున్నప్పుడు పైనుండి దుమికి బురద లేపినచో, ఉతికిన బట్టను మరల ఉతుకవలసి వచ్చును. మనకది అరనిమిషపు ఆట. ఆమెకు అరపూట పని. “అక్కా, ఎంతసేపు పట్టును? మేము ఆవలి ప్రక్కకు పోయెదము” అని ఒక్కమాట అడిగినచో పోవునదేమి?

వలను గౌరవింపుడు

అనేక గ్రామములలో చెరువున చేపలు పట్టు హక్కు మత్స్యకారుల సహకార సంఘములకు ఉన్నది. వానకాలమున చేపపిల్లలను వదలి, నెలల తరబడి కాచి, వేసవిలో నీరు తగ్గినప్పుడు వారు ఫలము పొందుదురు. ఈతగాడు వలపైనుండి పోయినచో త్రాడు తెగును, చేప పోవును. అంతేకాదు, ఆ సన్నని నైలాను దారము కాలికి చుట్టుకొనినచో ఎంతటి ఈతగాడైనను విడిపించుకొనుట కష్టము. నీటిపై తేలు బెండ్లను చూచి దూరముగా తొలగుట వల యజమానికిని మేలు, మన ప్రాణమునకును మేలు. మర్యాదయు క్షేమమును ఇచ్చట ఒక్కటే.

బతుకమ్మ దినములలో ఈ మాట మరింత ముఖ్యము. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటింపబడిన బతుకమ్మ తొమ్మిది దినములు జరుగును. స్త్రీలు ఆడి పాడి పూలను నీట వదలుటకు గట్టుకు వచ్చు వేళ యువకులు ఈతబట్టలతో అచ్చట తిరుగుట, కేకలు వేయుట, చరవాణితో చిత్రములు తీయుట సభ్యత కాదు. ఆ సాయంకాలములలో రేవు వారిది. మంచి ఈతగాడు ఆనాడు చేయదగిన పని ఒకటున్నది: పిల్లలు లోతునకు పోకుండ ప్రక్కన నిలిచి చూచుట.

కోటలోని అగడ్తను, బావులను గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. వరంగల్ కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలోనున్న కట్టడము. 1958 నాటి చట్టము దీనికి వర్తించును. పాత గోడల అంచులనుండి దుముకుట, మెట్ల రాళ్లను కదలించుట, సీసాలను నీట విసరుట మన పూర్వుల సొత్తును మనమే పాడుచేసికొనుట. పగిలిన సీసా నీటిలో కనబడదు. రేపు దిగువాని పాదమే దానిని కనుగొనును.

లోతు మారినది

“ఈ చెరువు నాకు చిన్ననాటినుండి తెలియును” అని చాలమంది ధైర్యముగా దుముకుదురు. 2015లో మిషన్ కాకతీయ ఆరంభమైన పిదప వేలాది చెరువులలో పూడిక తీయబడినది. రైతులకది గొప్ప మేలు. కాని మట్టి తీసినచోట గోతులు పడి, నడుములోతున్న చోట నేడు నిలువులోతు ఉండవచ్చును. నీరు నిండిన పిదప గోయి పైకి కనబడదు. తూము తెరచినప్పుడు దాని దగ్గర నీరు లోనికి లాగును. మత్తడి దుముకునప్పుడు పాచిపట్టిన రాయి కాలు నిలువనీయదు. ఈ మూడు స్థలములను ఎరిగిన ఈతగాడు పొరుగూరినుండి వచ్చిన వానికి చెప్పకుండుట తప్పు. తెలిసినవాడు చెప్పుటయే పొరుగువాని ధర్మము.

సముద్రపుటొడ్డున

ఈ ధర్మము మన చెరువులకే పరిమితము కాదు. విశాఖపట్టణమునకు సమీపమున ఋషికొండ తీరమున కొందరు గాలి నింపిన సిలిండరును వీపున కట్టుకొని సముద్రగర్భమును చూచుటకు మునుగుచున్నారు. ఋషికొండ 2020లో నీలిపతాక గుర్తింపు పొందిన తీరము. అటువంటి తీరములలో స్నానమునకు వచ్చు కుటుంబములుండును, మత్స్యకారుల పడవలుండును, ఒడ్డునుండి రెండు మోకులతో లాగు పెద్దవలలుండును. మునుగువారు పాటింపవలసిన పద్ధతులు కొన్ని ఉన్నవి. ఎర్రని గుడ్డపై ఏటవాలుగా తెల్లని పట్టీగల జెండాను నీటిపై నిలిపి, క్రింద మనిషి ఉన్నాడని పడవవారికి తెలుపవలెను. ఒంటరిగా పోక ఇద్దరిద్దరుగా మునుగవలెను. సామగ్రిని దారికి అడ్డము పరచక ఒక మూలన ఉంచవలెను. వల లాగుచున్నంతసేపు ఆగవలెను. సామగ్రి వేరైనను, మన చెరువుగట్టున పాటింపవలసిన నియమములును ఇవియే.

ఈతను కాపాడుకొనుట ఎట్లు?

ఇంత చెప్పుటకు కారణము కలదు. యువకుల ఆగడము భరింపలేనిచోట ఊరివారు విసిగి, “ఇకమీద ఎవ్వరును నీట దిగరాదు” అని కట్టడి చేయుదురు. వారి కోపము సహజమే. కాని దాని ఫలము పసిపిల్లలపై పడును. ఈత నేర్పు చోటు పోవును. చెరువు మాత్రము ఊరి ప్రక్కనే ఉండును. ఈత రాని పిల్లవాడు ఏదో ఒకనాడు బంతికొరకో, దూడ వెంటనో నీటి అంచునకు పోకమానడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021లో ప్రపంచమున సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించిరి. వారిలో ఇంచుమించు నాలుగవవంతు 5 సంవత్సరములలోపు పిల్లలు. బడిపిల్లలకు ఈత నేర్పవలెనని ఆ సంస్థ చెప్పుచున్నది. ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25ను మునకల నివారణ దినముగా నిర్ణయించినది. గట్టున మర్యాద నిలిచిననే ఈత నిలుచును. ఈత నిలిచిననే పిల్లలు నిలుతురు.

మన గ్రామములలో గజ ఈతగానికి ఎంత గౌరవమున్నదో మీరెరుగుదురు. మేడారము జాతరలో జంపన్నవాగువద్దను, గోదావరి పుష్కరములలో ఘట్టములవద్దను వారిని కాపలా ఉంచుదురు. ఆపద వచ్చినప్పుడు ఊరంతయు వారి ముఖమే చూచును. ఆ విద్యకు తగిన నడవడి కూడ ఉండవలెను.

ఎవరైన మునుగుచున్నప్పుడు ఈత బాగుగా రానివారు దుముకరాదు, ఇద్దరును పోవుదురు. త్రాడో, వెదురుగడయో, చీరకొంగో అందింపవలెను. మూతబిగించిన ఖాళీ డబ్బాయైనను విసరవచ్చును. ఒడ్డునకు చేర్చిన పిదప తలక్రిందులుగా త్రిప్పుట, కడుపు నొక్కి నీరు కక్కించుట వలన విలువైన క్షణములు వృథాయగును. ఊపిరి లేనిచో వెంటనే నోటితో గాలి ఊది, రొమ్ముపై ఒత్తిడి చేయవలెను. ఈ పద్ధతిని ఆరోగ్య సిబ్బందివద్ద ముందుగానే అభ్యసింపవలెను. అదే సమయమున మరియొకరు 108కి తెలుపవలెను.

కడపట ఒక సూచన. యువజన సంఘమువారు, మత్స్యకారులు, రజకులు, మహిళా సంఘముల సోదరీమణులు ఒక సాయంకాలము కట్టమీదనే కలిసి కూర్చుండుడు. ఈతకు ఒక చోటును, ఒక వేళను నిర్ణయించుకొనుడు. వల కట్టు తావును, గోతుల తావును గుర్తించి గడలు పాతుడు. పొడవైన త్రాడునొకదానిని, గాలినింపిన పాత ట్యూబు నొకదానిని గట్టున అందరికిని అందునట్లు ఉంచుడు. ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు. వచ్చే వానకాలమునకు చెరువు నిండక మునుపే ఈ పని ముగింపవలెనని మిమ్ము కోరుచున్నాను.