పని చేసేవారికీ ఓటుండాలి
(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం పంతులును. కార్యదర్శిగారు తెలుగులోనే మాట్లాడమని హుకుం చేశారు గనుక, నాకు వచ్చిన తెలుగులో నాలుగు మాటలు చెబుతాను.

2025 నవంబరులో హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీగారు అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా డెమొక్రాటిక్ పార్టీ తరఫున ఎన్నికయ్యారు. మన ఇళ్ళలో అందరం సంతోషించాం. ఆమె కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి. "సార్, పాఠాలు చెప్పుకునేవాళ్ళు అక్కడ అంత దూరం ఎట్లా పోతారు?" అని మా క్లాసు పిల్లవాడొకడు అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబుగా ఆమెకన్నా ముందుతరం పంతులమ్మ ఒకామె కథ చెబుతాను. ఆమె పేరు షర్లీ చిజమ్. ఊరు న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్. ఆమె రాజకీయం నేర్చుకున్నది మొహల్లా క్లబ్బులో.

క్లబ్బు అనగానే మనకు పేకాట గుర్తుకొస్తుంది. అక్కడి డెమొక్రాటిక్ క్లబ్బు వేరు. న్యూయార్కు శాసనసభకు నగరంలో నియోజకవర్గాలున్నాయి. ఆ రోజుల్లో ఒక్కొక్క దానిలో పార్టీకి స్థానిక నాయకుడు, ఆయనకొక క్లబ్బు ఉండేవి. కింద ఒక్కొక్క పోలింగు ప్రాంతానికి ఒక కెప్టెను. ఏ మెట్లెక్కితే ఎవరుంటారు, ఎవరికి ఉద్యోగం పోయింది, ఎవరికి కోర్టు నోటీసు వచ్చింది, ఇదంతా కెప్టెనుకు తెలిసి ఉండాలి. వారంలో కొన్ని సాయంత్రాలు నాయకుడు క్లబ్బులో కూర్చుంటే జనం వరుసగా వచ్చి కష్టం చెప్పుకునేవారు. ఆయన సిఫారసు చేసేవాడు. జనం ఓటు వేసేవారు.

ఈ పద్ధతిని పూర్తిగా చెడ్డదని నేను అనను. సర్కారు పేదవాడి మొహం చూడని రోజుల్లో, ఓడ దిగి వచ్చిన బీదవాడికి ఆ క్లబ్బు గడపే దిక్కయింది. అయితే అందులో ఒక కిటుకుంది. మీ కష్టం తీరుస్తారు గాని, మీ తరఫున ఎవరు నిలబడాలో మిమ్మల్ని అడగరు. అది లోపలి గదిలో నలుగురే తేల్చుకుంటారు.

బ్రూక్లిన్‌లో బెడ్‌ఫర్డ్-స్టైవెసాంట్ అనే పేట ఉంది. 1950ల నాటికి అక్కడ నల్లవారే ఎక్కువ. క్లబ్బు పెత్తనం మాత్రం తెల్లవారిది. చిజమ్‌గారు చదువుకుని వచ్చి ఆ క్లబ్బుకు వెళ్ళేసరికి తెల్లవారు ఒకపక్క, నల్లవారు ఒకపక్క కూర్చునేవారట. ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు, అలవాటు. ఆమె తండ్రి కార్మికుడు, తల్లి కుట్టుపని చేసిన మనిషి, ఇద్దరూ కరీబియన్ ప్రాంతాల నుంచి వలస వచ్చినవారు. ఆమె శిశు పాఠశాలలో పని చేస్తూ, సాయంత్రాలు క్లబ్బుకు వచ్చి, మా వీధిలో చెత్త ఎందుకు ఎత్తరని అడిగేది. అటువంటి ప్రశ్నలు పెద్దలకు రుచించవు గదా!

ఇక్కడ ఆడవారు కొంచెం శ్రద్ధగా వినాలి. ఆ క్లబ్బు ఖర్చుకు డబ్బు తెచ్చేది ఆడవారు. లాటరీ టిక్కెట్లు అమ్మేది వారు, విందు ఏర్పాటు చేసేది వారు. చిజమ్‌గారికి మొదట అప్పజెప్పిన పని ఏమిటో తెలుసా? టిక్కెట్లు, చిల్లర వేసుకోవడానికి ఖాళీ చుట్టపెట్టెలకు రంగుకాగితాలు అంటించి అలంకరించడం. ఆమె ఆ పని చేసింది. చేస్తూనే తోటి ఆడవారితో అన్నది: డబ్బు తెచ్చేది మనం, మరి మన ఖర్చులకు క్లబ్బు పద్దులో ఒక్క పైసా ఎందుకు కేటాయించరు? సమావేశంలో అందరూ కలిసి అడిగారు. మగవారు గునిశారు, చివరకు సొమ్ము మంజూరు చేశారు. చిన్న సంగతే. కాని అడగడం నేర్చుకున్నది ఆ చుట్టపెట్టెల దగ్గరే.

1953లో ఆ పేటలో ఒక జడ్జీ పదవికి ఎన్నిక వచ్చింది. అక్కడ కొన్ని కోర్టుల జడ్జీలను కూడా ఓటుతోనే ఎన్నుకుంటారు. పార్టీ పెద్దలు బయటివాడిని తెచ్చి పెట్టారు. వెస్లీ హోల్డర్ అనే ఆయన జనాన్ని పోగుచేసి, లూయిస్ ఫ్లాగ్ అనే నల్లజాతి వకీలును నిలబెట్టి గెలిపించాడు. ఆ పనిలో చిజమ్‌గారూ ఉన్నారు. తరువాత ఆమెకూ హోల్డరుకూ చెడింది. నాయకత్వానికి ఆయన మీదే పోటీ చేసి ఓడిపోయింది. సంఘాల్లో ఇటువంటివి మనకూ కొత్త కాదు.

1960లో కొందరు కలిసి యూనిటీ డెమొక్రాటిక్ క్లబ్ అని వేరే పెట్టుకున్నారు. ఆమె అందులో చేరింది. ఆ ఏడు ఓడిపోయారు. క్లబ్బు మూసుకోలేదు. 1962లో వారి మనిషి థామస్ జోన్స్ శాసనసభకు గెలిచాడు. 1964లో ఆయన జడ్జీగా వెళ్ళగా ఆ స్థానం చిజమ్‌గారికి వచ్చింది.

రెండేళ్ళలో ఓటమి గెలుపు ఎట్లా అయింది? అక్కడి పద్ధతి తెలిస్తే అర్థమవుతుంది. మనకు పార్టీ టికెట్టు పైనుంచి వస్తుంది. వారికి ప్రైమరీ అనే తొలి ఎన్నిక ఉంది. న్యూయార్కులో పార్టీ ఓటరుగా పేరు రాయించుకున్నవారే అందులో ఓటు వేయాలి. పోటీకి దిగాలంటే ముందు ఆ పేట పార్టీ ఓటర్ల సంతకాలు వందల్లో తేవాలి. ఓటరు పేరు నమోదు కోసం సర్కారు మనిషి ఇంటికి రాడు, ఓటరే కదలాలి. అంచేత పనంతా నాలుగు మాటల్లో ఉంది: జాబితా పట్టుకో, తలుపు తట్టు, పేరు రాయించు, ఎన్నిక రోజున మళ్ళీ తలుపు తట్టు. ప్రైమరీకి వచ్చేవారు తక్కువ. అందుకే కొన్ని వందల తలుపులు తట్టినవాడు పెద్ద యంత్రాంగాన్ని కూడా పడగొట్టగలడు. అదే నగరంలో గ్రీన్విచ్ విలేజ్ పేటలో 1963లో ఎడ్ కోచ్ అనే క్లబ్బు మనిషి, అంతకు ముందు టామనీ హాల్ పెత్తనం చేసిన కార్మైన్ డి సాపియోను ఓడించింది 41 ఓట్లతో. ఆ ఎన్నిక మళ్ళీ జరపవలసి వచ్చింది. 1964లో మళ్ళీ ఆయనే గెలిచాడు. తరువాత నగరానికి మేయరు కూడా అయ్యాడు. నలభై ఒకటి అంటే మన ఒక్క గల్లీ.

ఉర్దూ పంతులుగా నన్ను పట్టుకున్న సంగతి ఇంకొకటి. న్యూయార్కులో ఇంగ్లీషు చదవడం వస్తేనే ఓటనే నిబంధన 1920ల నుంచి ఉండేది. ప్యుర్టో రికో నుంచి వచ్చిన స్పానిషు వారు పుట్టుకతో అమెరికా పౌరులే. తమ భాషలో బాగా చదువుకున్నా ఓటు లేదు! 1965 ఓటింగు హక్కుల చట్టంలో, అక్కడి బడిలో ఆరో తరగతి దాటినవారికి, చదువు ఏ భాషలో అయినా సరే, ఓటు నిరాకరించరాదని రాశారు. 1966లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. మన దేశం 1951-52 తొలి ఎన్నికల్లోనే అక్షరం రానివారికి కూడా గుర్తులు పెట్టి ఓటు ఇచ్చింది. ఆ గొప్పతనాన్ని మనం అప్పుడప్పుడైనా తలచుకోవాలి.

1968లో చిజమ్‌గారు అమెరికా కాంగ్రెసుకు నిలబడ్డారు. ధనం లేదు. మొదటి చందా ఒక పేదరాలు తెచ్చింది. సర్కారు సాయం మీద బతికే ఆమె, తనవంటివారి దగ్గర పోగుచేసిన 9 డాలర్ల 62 సెంట్లు కవరులో పెట్టి ఇచ్చింది. తనను ఎవరూ కొనలేరు, తన మీద ఎవరి పెత్తనమూ లేదనే నినాదాన్ని ఆమె బజారు సంచుల మీద అచ్చువేయించి పంచింది. ఆడవారు కూరగాయలు తెచ్చుకుంటే ప్రచారం దానంతటదే నడిచింది. స్పానిషు వచ్చు గనుక ఆ ఇళ్ళ ముందు స్పానిషులోనే మాట్లాడింది. ప్రచారం నడిపింది ఎవరనుకున్నారు? ఒకప్పుడు చెడిన ఆ హోల్డరే! గెలిచి, అమెరికా కాంగ్రెసులో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి స్త్రీ అయింది. 1983 దాకా సభ్యురాలిగా ఉండి, 2005లో కన్నుమూసింది.

నేను రాజకీయం చెప్పడానికి రాలేదు. మన సంఘం పార్టీ కాదు, కాకూడదు కూడా. కాని క్లబ్బైనా సంఘమైనా ప్రాణం ఒకటే. పాత క్లబ్బు కూడా సాయం చేసింది, కొత్త క్లబ్బు కూడా చేసింది. పాతదాంట్లో సాయం పొందినవాడు సలాం కొట్టి పోయాడు. కొత్తదాంట్లో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, తన మాట చెప్పాడు.

అంచేత ఒక్క మనవి. మన విందులకు వండేది, ఇంటింటికీ తిరిగి చందా పోగుచేసేది, ఏ ఇంట్లో పిల్ల బడి మానిందో ముందుగా తెలుసుకునేది మన ఆడవారు. సభ్యుల పుస్తకంలో మాత్రం ఇంటి యజమాని పేరు ఒక్కటే ఉంటోంది. ఈ ఏడు రసీదు పుస్తకం తెరిచినప్పుడు వారి పేర్లు కూడా రాయండి. జమాఖర్చు చదివేటప్పుడు వారిని కూర్చోబెట్టి చదవండి. కమిటీ ఎన్నికలో వారి చేతులు కూడా లెక్కపెట్టండి. ప్రశ్నలు ఎక్కువవుతాయి, నిజమే. ప్రశ్నలు లేని క్లాసులో పాఠం ఎవరికీ ఎక్కలేదని నేను ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను.