మేలు చేసినవానికి ఒక మాట



శిక్షణకై నగరమునకు వచ్చి మీరు నేడు కూర్చున్న ఈ గోల్నాక, మూసీనది యొడ్డున నున్న పాత పేట. ఇచ్చటినుండి అంబరుపేట మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయమును దాటినచో తార్నాక వచ్చును. ఈ రెండు పేర్ల చివరనున్న ‘నాకా’ అను మాటకు రాకపోకలను ఆపి విచారించు చోటు, సుంకము వసూలు చేయు చోటు అని యర్థము. నేడు ఇచ్చట అడ్డుకఱ్ఱ యేదియు లేదు. కాని మన నిత్యజీవితమున నాకాలు పోలేదు. బస్సు కండక్టరు, తపాలా కార్యాలయపు గుమాస్తా, చౌకధరల దుకాణదారు, మీసేవా కేంద్రమున కంప్యూటరు ముందు కూర్చున్న యువకుడు, మీ పంచాయతీ కార్యదర్శి, వీరందరును ఒక్కొక్క నాకావద్ద నున్నవారే. ‘ఇప్పుడు కాదు, రేపు రమ్ము’ అనగల శక్తి వారి చేతిలో కొద్దియో గొప్పయో ఉన్నది. ఆ శక్తి యుండియు మన పని ముగించి, పైగా ఒక మంచిమాట చెప్పి పంపువానియెడ మనమేమి చేయవలెనన్నదే నేటి విషయము.

బస్సునే తీసికొందము. హైదరాబాదు రాజ్యమున 1932 జూన్ నెలలో నిజాము రైల్వేవారి రోడ్డు రవాణాశాఖ 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభమైనది. 1958 జనవరిలో అది ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థలో కలిసినది. రాష్ట్ర విభజన పిదప తెలంగాణకు వేఱు సంస్థ యేర్పడినది. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరపు ఆర్డినరీ బస్సులలో స్త్రీలకు ఛార్జీ లేదు. కండక్టరు సున్న రూపాయల టిక్కెట్టు ఇచ్చును. ఆ సొమ్మును సంస్థకు చెల్లించు భారము ప్రభుత్వముది.

కొంతకాలము క్రిందట నేను ఎక్కిన బస్సులో ఒక ముసలమ్మ కూర్చుండెను. విశ్వవిద్యాలయపు వసతిగృహమున నున్న మనుమని చూడ వచ్చినది. చేతిలో చిరునామా చీటీ, ఒడిలో జామపండ్ల మూట. కండక్టరు దగ్గరకు రాగానే, “బిడ్డా, పైసలియ్యకుంట ఎక్కిన. జర ఆ జాగల దించుతవా?” అని బెదురుతో అడిగెను. అతడు చీటీ చదివి, “అవ్వా, సున్న టిక్కెట్టు గూడ టిక్కెట్టే. నువ్వు బేఫికర్ కూసో, నేను పిలుస్త” అనెను. నిలుచుటకు చోటులేని బస్సు. అయినను చోటు రాగానే పిలిచి, మూట అందించి, దారి చూపెను. ఆమె రెండు పండ్లు ఈయబోగా నవ్వి వలదనెను. “నీ కడుపు సల్లగుండ” అని దీవించి ఆమె పోయెను. బస్సులోని మేమందఱము చూచితిమి. ఎవ్వరును నోరు మెదపలేదు. అదే కండక్టరు చిల్లర ఈయక పోయినచో పదిగొంతులు లేచియుండెడివి.

ఆ ముసలమ్మకు దించుమని అడుగుటలో బెదురేల? ఉచితముగా లభించుదానిని దయగా నెంచుట మన అలవాటు. ప్రయాణము ఆమె హక్కు. దానికి ఎవరికిని ఋణపడలేదు. మూట అందించుట, దారి చూపుట మాత్రము ఆ కండక్టరు తనంతట చేసిన మేలు. దీవెన దానికి చెందినది. ఈ రెంటిని వేఱు చేసి చూడకున్న చిక్కు వచ్చును. హక్కును దయగా నెంచి, పని కాకముందే చేతిలో పెట్టు కానుక క్రమముగా ‘మామూలు’ అగును. ఈ మాటను చూడుడు: వాడుకలో నున్నది, సాధారణమైనది అని దాని యర్థము. లంచమునకు అంతకంటె విచారకరమైన పేరు మఱియొకటి నాకు తోచదు. పని కాకముందు ఇచ్చునది నాకా సుంకము. పని యైన పిదప, మఱల ఆ మనిషితో అవసరము లేనప్పుడు చెప్పునదే కృతజ్ఞత.

అనేక కార్యాలయములలో, బ్యాంకులలో, వినియోగదారుడే మనకు ముఖ్యుడు, అతడు మనపై ఆధారపడలేదు, మనమే అతనిపై ఆధారపడితిమి అను అర్థముగల పలక గాంధీజీ పేరుతో వ్రేలాడుచుండును. గాంధీజీ రచనలలో దానికి ఆధారము దొరకలేదని పరిశోధకులు చెప్పుదురు. ఎవరన్నను మాట మంచిదే. అయితే ఆ పలక క్రింద కూర్చున్న మనిషికి ఉదయము నుండి సాయంత్రము వరకు వినబడునది చాలవరకు కసురే.

ఫిర్యాదులకు నేడు దారులున్నవి, ఉండవలెను కూడ. 1986లో వినియోగదారుల రక్షణచట్టము వచ్చినది. 2019లో దానికి బదులు క్రొత్తచట్టము చేయబడినది. 2005 నాటి సమాచార హక్కుచట్టము ప్రకారము అడిగినదానికి సాధారణముగా 30 దినములలో జవాబీయవలెను. కాని బాగుగా పనిచేసినవానిని గూర్చి వ్రాయుమని ఏ చట్టమును మనలను నిర్బంధింపదు. అందుచేత పైయధికారి బల్లపైకి తప్పులే చేరును, ఒప్పులు చేరవు. పదిమందికి ఓపికతో చెప్పినవాడును, పదిమందిని కసరినవాడును అచ్చట ఒక్కటే యగుదురు. కొంతకాలమునకు మొదటివాడు కూడ ‘నాకేల ఈ శ్రమ’ అనుకొనును. అప్పుడు నష్టపోవునది ఆ ముసలమ్మవంటివారే.

మీ సంగతి వేఱు. మీరు ఒకవైపు ఊరి తరఫున కార్యాలయముల మెట్లెక్కువారు. మఱియొకవైపు పంచాయతీ కార్యాలయమున బల్లకు ఈవల కూర్చున్నవారు. ఇంటి అనుమతికో, జనన ధృవపత్రమునకో వచ్చిన రైతు మీకు దండము పెట్టినచో, ఆ దండము అతని హక్కునకు పెట్టినదా, మీ మేలుకు పెట్టినదా అని ఒక్కసారి ఆలోచింపుడు. మొదటిదైనచో దానిని స్వీకరింపక, ‘ఇది నీకు రావలసినదే’ అని నోటితో చెప్పుడు. ఆ మాట ఊరిలో మీరు చేయు ఉపన్యాసములకంటె త్వరగా ప్రాకును.

రెండవది, మీ తీర్మానముల పుస్తకము. దీపములు వెలుగలేదు, నీరు రాలేదు అను తీర్మానములతో అది నిండియుండును. రాత్రి వానలో స్తంభమెక్కి తీగ కలిపిన లైన్‌మన్‌ను గూర్చి, గర్భిణిని వేళకు ఆసుపత్రికి చేర్చిన ఆశా కార్యకర్తను గూర్చి, మోటారు చెడకుండ కాపాడు పంపు ఆపరేటరును గూర్చి ఒక తీర్మానమేని గలదా? గ్రామసభలో చదివి, నకలు వారి పైయధికారికి పంపుటకు ఖర్చు తపాలాబిళ్ల మాత్రమే. ‘మంచి సేవ చేసిరి’ అని ఊరక వ్రాసిన ఉపయోగము తక్కువ. ఏ తేదీన, ఏ వేళ, ఎవరికి, ఏమి చేసిరో వ్రాయవలెను. నేను ఆ బస్సు దిగగానే దాని నంబరును, ఎక్కిన వేళను కాగితముపై వ్రాసికొని డిపో మేనేజరుగారికి ఉత్తరము పంపితిని. కండక్టరు పేరు నాకు తెలియకున్నను ఆ రెండింటిచే వారు కనుగొనగలరు. మీ ఊరిలో పేర్లు మీకు తెలిసియే యుండును గనుక, వచ్చు గ్రామసభ కార్యక్రమ పట్టికలో ఒక అంశము దానికై చేర్చుమని కార్యదర్శికి ఈ వారమే చెప్పుడు.