డేటా ఎంట్రీ పనికి చేరవచ్చునా?



ఐదవ ఫారం పరీక్షలు ముగించిన మీలో కొందరు, "పెద్దమ్మా, డేటా ఎంట్రీ పనికి చేరమంటారా?" అని నన్ను అడిగారు. నేను చేసిన పనే కనుక నాకు తెలిసినంత చెబుతాను.

మా నాన్నగారు పేరాక్ రాష్ట్రంలో రబ్బరు తోట కూలీ. తెల్లవారకముందే చెట్లకు గాటు పెట్టి, పాలు పట్టి, తూకం దగ్గరకు మోసుకొని వెళ్ళేవారు. అక్కడ కెరాణి తూచి, పుస్తకంలో అంకె వేసేవాడు. ఆ అంకెను బట్టే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. కెరాణి అంటే మా దృష్టిలో తోటదొర తరువాత దొర. అందుకే 1970ల చివర కౌలాలంపూరులో ఒక బీమా కంపెనీలో నాకు పంచ్ కార్డుల పని దొరికినప్పుడు మా అమ్మ లైను ఇళ్ళన్నిటికీ మిఠాయి పంచింది.

ఆ కార్డుకు 80 నిలువు వరుసలు ఉండేవి. వరుసకు ఒక అక్షరం లేదా ఒక అంకె. నేను మీటలు నొక్కితే కార్డుకు రంధ్రాలు పడేవి. తరువాత మరొక అమ్మాయి అదే కాగితం చూస్తూ, అదే కార్డును తనిఖీ యంత్రంలో పెట్టి మళ్ళీ కొట్టేది. తేడా వస్తే యంత్రం ఆగిపోయేది. ఆమెకు నాకంటే జీతం ఎక్కువ. ఇద్దరమూ కొట్టేది ఆ మీటలే కదా, ఆమెకెందుకు ఎక్కువ అని నాకు చాలా కాలం కడుపుమంటగా ఉండేది. తప్పు పట్టినందుకు ఆ ఎక్కువ అని తరువాత గాని తెలియలేదు.

ఇప్పుడు మొదటి కొట్టుడు పని తగ్గిపోతున్నది. 2001లో మైకాడ్ వచ్చింది. కార్డును యంత్రంలో పెడితే పేరు, చిరునామా తెర మీదికి వాటంతటవే వస్తాయి. వెనుక వాటిని ఒక మనిషి కూర్చొని కొట్టవలసి వచ్చేది. బిల్లుల సంగతి ఇంకా విచిత్రం. ఒక కంపెనీ కంప్యూటరు బిల్లును కాగితం మీద అచ్చు వేసేది. ఆ కాగితాన్ని అందుకొన్న కంపెనీలో గుమాస్తా దానిని చూసి మళ్ళీ కంప్యూటరులోకి ఎక్కించేది! ఈ తిరకాసు పని మీదనే ఎన్నో ఇళ్ళు గడిచాయి. మలేషియా ప్రభుత్వం ఈ-ఇన్‌వాయిస్ పద్ధతిని 2024 ఆగస్టు 1న పెద్ద సంస్థలతో ప్రారంభించింది. అంటే ఏడాదికి 100 మిలియన్ రింగ్గిట్లకు మించి వ్యాపారం చేసేవి. 25 మిలియన్లు దాటినవి 2025 జనవరిలోను, 5 మిలియన్లు దాటినవి అదే జూలైలోను చేరాయి. బిల్లు పన్నుల శాఖ కంప్యూటరు గుండా అంకెల రూపంలోనే వెళుతుంది. తిరిగి కొట్టే అవసరం క్రమంగా పోతుంది. కాని ఒకే ఖాతాదారు రెండు పేర్లతో ఉన్నాడా, వచ్చిన సరుకుకూ బిల్లుకూ పొంతన ఉందా అని చూసే మనిషి కావాలి.

ఇది మన దేశపు మాట మాత్రమే కాదు. 2027 నాటికి గుమాస్తా, లెక్కల పనులలో 2 కోట్ల 60 లక్షల ఉద్యోగాలు తగ్గవచ్చునని ప్రపంచ ఆర్థిక వేదిక 2023 నివేదికలో అంచనా వేసింది. అందులో డేటా ఎంట్రీ కూడా ఉంది.

జీతం మాటకు వద్దాం. మలేషియాలో చట్టబద్ధమైన కనీస వేతనం 2013లో ద్వీపకల్పంలో 900 రింగ్గిట్లు. 2019లో 1,100, 2022లో 1,500, 2025లో 1,700 అయింది. మా మేనకోడలు 2019లో ఒక రవాణా కంపెనీలో 1,400కు చేరింది. అప్పుడు ఆమె జీతం కనీసం కంటే 300 ఎక్కువ. 2025లో ఆమెకు 1,850. ఆ నెలలోనే చేరిన పిల్లకు 1,700. ఆరేళ్ళ అనుభవానికి మిగిలిన తేడా 150 రింగ్గిట్లు! చట్టం అడుగును పైకి లేపింది గాని కంపెనీ ఆమెను లేపలేదు. బిల్లుల తనిఖీకి మార్చమని అడిగితే "చూద్దాం" అన్నారట. ఆమె సాయంత్రాలు లెక్కల తరగతికి వెళుతున్నది.

కాబట్టి చేరండి, తప్పు లేదు. కాని చేరిన రోజునుంచే తనిఖీ పని ఎవరు చేస్తున్నారో కనిపెట్టండి. జీతపు చీటీ చదవడం నేర్చుకోండి. 5,000 రింగ్గిట్లు మించని జీతానికి మీ వంతు 11 శాతం, యజమాని వంతు 13 శాతం భవిష్యనిధికి పోవాలి. 2023 నుంచి వారానికి 45 గంటలే పరిమితి.

ఇంకొక మాట, ఇది మీ తల్లిదండ్రులకు కూడా చదివి వినిపించండి. 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు కొందరు దళారులను అరెస్టు చేశారు. కంబోడియాలో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి ఆంధ్ర యువకులను పంపి, అక్కడ ఇంటర్నెట్ మోసాలు చేయించే ముఠాలకు అప్పగించారని ఆరోపణ. 2022లో మన మలేషియా పిల్లలు కూడా ఇలాగే చిక్కుకున్నారు. తక్కువ చదువు, ఎక్కువ జీతం, టిక్కెట్టు మాదే, ముందు కొంచెం రుసుము కట్టండి అని ఎవరైనా అంటే, ఆ ప్రకటనను దాచి వచ్చే వారం తరగతికి తీసుకురండి. జీతపు చీటీలు ఉన్నవారు అవి కూడా తెండి. అందరమూ కలిసి చదువుదాం.