విదేశంలో చదువు – చేతికందే డబ్బు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము ఇప్పుడు మనవల విదేశీ చదువులకు వెళుతున్నది. ఫీజు ఎంత అని అందరూ అడుగుతారు. ఆ సొమ్ము అక్కడ పిల్లల చేతికి ఎప్పుడు అందుతుందని అడిగేవారు తక్కువ.

మా మనవరాలు జర్మనీలో చదువుతున్నది. అక్కడి వీసాకు ఏడాది ఖర్చు ముందే చూపాలి. సాధారణంగా 'బ్లాక్డ్ అకౌంటు'లో వేసి చూపుతారు. 2024 సెప్టెంబరులో ఆ మొత్తం 11,904 యూరోలు చేశారు. సొమ్ము మనదే, కాని నెలకు 992 యూరోలే విడుదల! మన ట్రెజరీ వారు కూడా ఇంత కచ్చితంగా ఉండేవారు కారు. కుర్రవాళ్ళకు ఈ కట్టడి మంచిదేనని నా అభిప్రాయం.

చిక్కు మొదటి నెలలోనే. పిల్ల అక్కడికి చేరి, మామూలు బ్యాంకు ఖాతా తెరిచి, ఆ నంబరు ఇస్తేనే మొదటి వాయిదా కదులుతుంది. మా అమ్మాయికి ఇందుకు మూడు వారాలు పట్టింది. ఇంటివారేమో అడ్వాన్సు అడిగారు. అక్కడ మూడు నెలల అద్దె వరకు అడగవచ్చును. ఫారెక్స్ కార్డులో విడిగా వేసిచ్చిన సొమ్మే ఆదుకున్నది. ఏటీఎంలో "రూపాయలలో లెక్కకట్టాలా?" అని అడిగితే వద్దనాలి, యూరోలే నొక్కాలి. లేకుంటే మారకంలో నష్టం.

ఇక ఇక్కడి సంగతి. ఒకరు ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చును. మనకంత ఎక్కడిది లెండి! 2025 ఏప్రిల్ నుండి, పంపినది 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన దానిపైనే బ్యాంకువారు పన్ను వసూలు చేస్తారు. గుర్తింపు గల సంస్థలో తీసుకున్న విద్యాఋణానికి అదీ లేదు. ఆ పన్ను పంపినవారి పాన్ మీద జమ అవుతుంది, రిటర్ను వేస్తేనే తిరిగి వస్తుంది. మన పెన్షనుకు పన్ను పడదు కదా అని రిటర్ను మానేసిన మిత్రులు ఇది గమనించాలి.

ఒకసారి సెమిస్టరు రుసుము పంపితే, మధ్యలోని బ్యాంకు తన ఛార్జీ కోసుకుని కొన్ని యూరోలు తక్కువగా చేర్చింది. తక్కువ కట్టారని కాలేజీ నుండి తాఖీదు! అప్పటి నుండి ఛార్జీలన్నీ మా ఖాతాలోనే పట్టుకోమని ఫారంలో రాసి ఇస్తున్నాను.

నేను నింపిన ఫారాల నకళ్ళు తెచ్చాను. కావలసినవారు టీ సమయంలో చూసుకోవచ్చును.